రెక్క పట్టి లేపొద్దు

ముందే చెప్తున్నాను, నాకు నోరెక్కువ. ముప్పై మూడేళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. మొదట సూర్యాపేట, తర్వాత మిర్యాలగూడ, చివర్న కోదాడ. మూడు ఊళ్ళలోనూ పేషెంట్లు నన్ను "కసరత్తు మేడం" అనే పిలిచారు. చాటుకు "లొల్లి మేడం" అనుకునేవాళ్ళని కూడా నాకు తెలుసు. అనుకోనీ. నేను లొల్లి చెయ్యకపోతే కొందరు మంచం దిగేవాళ్ళే కాదు.

ఇది రాయమని నా వెంటపడింది కోదాడ అమ్మాయి శిరీష. నేను రిటైరయ్యే ఏడాది అక్కడ కొత్తగా చేరిన ఫిజియో. "మేడమ్ గారూ, తిట్టేటప్పుడు మీరు చెప్పే సంగతులన్నీ ఒకచోట రాసిపెట్టండి. మీరెళ్ళిపోయాక మమ్మల్ని తిట్టేవాళ్ళెవరండీ?" అంది. తిట్లు కావాలని అడిగిన పిల్లను నా సర్వీసులో ఆమెనొక్కదాన్నే చూశాను. కాబట్టి ఇది శిరీషకీ, ఆమెలాగే ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకీ.

నేను ఎప్పుడు ఎక్కడ చేరాను, ఎవరు నన్ను మెచ్చుకున్నారు, ఇవన్నీ మీకు అక్కర్లేదు. ఒక్క విషయమే రాస్తాను. పక్షవాతం వచ్చినవాళ్ళ భుజం గురించి, చేతి గురించి. కాలు సంగతి అందరూ అడుగుతారు. "నడుస్తడా మేడం?" అన్నదే ఇంటివాళ్ళ మొదటి ప్రశ్న. చెయ్యి ఎవరికీ గుర్తుండదు. అది నొప్పి పుట్టి మనిషిని పడుకోనియ్యనప్పుడు, మనం దగ్గరికి వెళ్తే పేషెంటు మొహం తిప్పేసుకున్నప్పుడు గుర్తొస్తుంది. ఆ నొప్పిని జబ్బు ఒక్కటే తీసుకురాదు. చాలాసార్లు మన చేతులే తెస్తాయి. నా చేతులు తెచ్చాయి. దాచుకుంటే మీకు ఉపయోగం లేదు.

నొప్పి పుట్టాలన్న సారు

సూర్యాపేటలో నేను మొదట పనిచేసింది ఒక ఎముకల డాక్టరు దగ్గర. ఊళ్ళో అందరూ ఆయన్ని పెద్ద సారు అనేవారు. చివరి పేషెంటు వెళ్ళేదాకా ఆయన కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. పేషెంటును ముట్టుకోకుండా కాగితం మీద పెన్ను పెడితే మాత్రం ఊరుకునేవారు కాదు. "ముందు ముట్టుకో, తర్వాత రాసుకో" అనేవారు. ఒకసారి ఆత్మకూర్ నుంచి వచ్చిన ముసలాయన మోకాలి మీద నా చెయ్యి పెట్టించి, "ఏం తెలుస్తుందో చెప్పు" అని పావుగంట నిలబెట్టారు. "ఈ మోకాలు వేడిగా ఉంది సార్, రెండోది లేదు" అనేదాకా వదల్లేదు. అటుపైన ఏ పేషెంటు దగ్గరికి వెళ్ళినా కళ్ళకంటే ముందు నా చెయ్యి వెళ్ళేది. ఆ అలవాటు పెట్టినందుకు ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

అయితే ఆయనకో గట్టి నమ్మకం ఉండేది. "నొప్పి పుట్టకుంటే అది కసరత్తు గాదమ్మా, టైంపాస్" అనేవారు. కట్టు విప్పాక బిగుసుకుపోయిన మోకాళ్ళ దగ్గర ఆ మాట కొంతవరకు నడిచేది. భుజాలకు ఆయన వైద్యం గిలక. బావి గిలకలాంటిదే, చిన్నది. పైన గిలక కట్టి తాడు వేసి, ఒక కొస నొప్పి చేతికి, ఇంకో కొస మంచి చేతికి ఇస్తారు. మంచి చెయ్యి కిందికి లాగినప్పుడల్లా రెండోది పైకి లేస్తుంది. పట్టేసిన భుజాలు దాంతో వదులవడం నేను కళ్ళారా చూశాను. చూసి, అదే గిలకను పక్షవాతం పేషెంట్లకూ ఇచ్చాను. ఒకరికా ఇద్దరికా, ఏళ్ళ తరబడి ఇచ్చాను. ఆ భుజానికీ ఈ భుజానికీ తేడా ఏమిటని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

కొందరు ఏడ్చేవాళ్ళు. పక్షవాతం వచ్చినవాళ్ళకు ఊరికే కూడా ఏడుపొస్తుంది, అది జబ్బులో భాగమని చదువుకుని ఉన్నాను. ఇక ఎవరు ఏడ్చినా అది ఆ ఏడుపేనని సరిపెట్టుకున్నాను. చదువు ఎంత బాగా అడ్డొస్తుందో చూడండి!

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను, బుర్రలో పెట్టుకోండి. భుజం కీలు సాసర్లో పెట్టిన బత్తాయిలాంటిది. సాసరు దాన్ని పట్టుకోలేదు, చుట్టూ ఉన్న కండరాలే పట్టుకోవాలి. పక్షవాతం వస్తే ఆ కండరాలు పట్టు వదిలేస్తాయి. చెయ్యి తన బరువుకు తానే కిందికి జారుతుంది. భుజం కొస కింద వేళ్ళు పెట్టి చూస్తే సందు తగులుతుంది. అలాంటి చేతిని తాడేసి పైకి లాగితే, వీపు పక్కన పలకలా ఉండే ఎముక దాంతోపాటు కదలదు. మధ్యలో ఉన్న మెత్తటి కండ నలుగుతుంది. రోజూ నలిగితే నొప్పి మనిషిలో తిష్ఠ వేస్తుంది. కొందరిలో అది అరచేతిదాకా దిగి, చెయ్యి ఉబ్బి, ఎర్రబడి, గుడ్డ తగిలినా భగ్గుమంటుంది.

ఇవన్నీ నాకు తెలిసింది పుస్తకంలో కాదు. మంగ్లి దగ్గర.

మేస్త్రి మంగ్లి

అప్పటికి నేను మిర్యాలగూడలో ఒక నర్సింగ్ హోంలో పనిచేస్తున్నాను. త్రిపురారం వైపు ఒక తండా నుంచి మంగ్లిని తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి. ఎడమ పక్క పడిపోయింది. ఆమె వరి నాట్లేసే కూలీల ముఠాకు మేస్త్రి. ఆమెతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్ళు. కాలవ నీళ్ళు వదిలారంటే త్రిపురారం నుంచి మాడుగులపల్లి దాకా ఏ రైతు పొలం ముందు, ఏ రైతుది తర్వాత అన్నది ఆమె చెప్పాల్సిందే.

మూడో రోజు నేను ఆమె కాలు పట్టుకుని చూస్తుంటే విసుక్కుంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది కానీ అర్థమవుతోంది.

"కాలు తర్వాత సూడు మేడం. చెయ్యి సూడు ముందు."

"కుడిచెయ్యి మంచిగనే ఉంది కదమ్మా, దాంతోనే కదా నాటేసేది?" అన్నాను.

ఆమె భర్త భీక్యా మంచం పక్కన నిలబడి నవ్వాడు. "మేడం ఎన్నడూ నాటెయ్యనట్టుంది" అన్నాడు.

మంగ్లికి నవ్వు రాలేదు. "నారు కట్ట ఏ చేత పడ్తరు? ఎడమ చేత. కట్ట లేకుంటే కుడిచెయ్యి ఏం పెడ్తది భూమిల, మన్నా?" అంది. కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ, "గట్టు మీద నిలబడి ఒర్రే మేస్త్రిని గాను నేను. నేను దిగినంకనే ఆళ్ళు దిగుతరు. నారు పట్టకుంటే నేనెందుకు పోవాలె పొలంకాడికి?" అంది.

ముప్పై మూడేళ్ళలో కాలు వదిలేసి చెయ్యి అడిగిన పేషెంటు ఆమే. ఆమెకు కావాల్సింది నాకు స్పష్టంగా తెలుసు. ఎడమ చేత్తో నారు కట్ట పట్టుకుని పొలంలో దిగాలి. అంతే. కాలు అయిదారు రోజుల్లోనే కొంచెం కొంచెం పట్టు తెచ్చుకుంది. చెయ్యి మాత్రం తడి గుడ్డలా వేలాడుతోంది, కానీ నొప్పి లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా దగ్గర్నుంచి ఇంటికి వెళ్ళేనాటికి ఆమెకు నొప్పి లేదు.

ఇంటికి పంపేరోజు భీక్యాకు గిలక ఎలా కట్టాలో చూపించాను. "పొద్దున ఇరవై సార్లు, సాయంత్రం ఇరవై సార్లు. నొప్పి పుట్టినా ఆపొద్దు. నెల తర్వాత రండి" అన్నాను. పక్కన ముఠా ఆడవాళ్ళు ఇద్దరు శ్రద్ధగా విన్నారు. అంత శ్రద్ధగా వినేవాళ్ళను చూసి మురిసిపోయాను కూడా.

పదకొండు మంది వంతు

నెల కాకముందే ముఠా అంతా రెండు ఆటోల్లో వచ్చారు. ఆటోలోంచి దింపేటప్పుడే మంగ్లి కేక నర్సింగ్ హోం లోపలికి వినిపించింది. బయటికెళ్ళి చూస్తే మనిషి సగమైపోయింది. ఎడమ చేతిని కుడిచేత్తో పొట్టకు అదుముకుని, దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళనీ కళ్ళతోనే వద్దంటోంది. చెయ్యి మణికట్టు నుంచి వేళ్ళదాకా ఉబ్బి నిగనిగలాడుతోంది. గాజులు కండలో దిగబడ్డాయి. నా చెయ్యి అలవాటు కొద్దీ ముందుకెళ్ళింది. ఆమె అరిచిన అరుపుకు వెనక్కొచ్చేసింది.

"డాక్టర్‌కు చెప్పి కోసెయ్యుండ్రి దీన్ని," అంది మంగ్లి. "నాటు వద్దు, ఏం వద్దు. కోసెయ్యుండ్రి."

గాజులు వెంటనే తీయాలి. ఎక్కువ ఆలస్యమైతే వేళ్ళకు రక్తం ఆడదు. నర్సు కట్టర్ తెచ్చేసరికి ముఠా ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. మొగుడు బతికుండగా వాళ్ళలో గాజులు తీయరు. ఒకరి మీద ఒకరు వాళ్ళ భాషలో అరుచుకుంటున్నారు. భీక్యా ముందుకొచ్చి నర్సు చేతిలో కట్టర్ తీసుకున్నాడు.

"నేను తీస్త. నేను తీస్తే నేను బతికున్నట్టే గద, ఇగ లొల్లెందుకు?" అన్నాడు. ఒక్కొక్కటే కత్తిరించాడు. ముక్కలన్నీ తువ్వాలలో మూట కట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అడిగాను, గిలక ఎన్నిసార్లు చేశారని.

"నువ్వు చెప్పినట్టే, ఇరవై ఇరవై," అంది ముఠాలో పెద్దామె.

"ఇరవై చేస్తే ఇట్లెందుకైతది?"

"తలా ఇరవై, మేడం."

నాకు అర్థం కాలేదు. భీక్యా విడమరిచి చెప్పాడు. ముఠాలో ఒకామెకు జ్వరమొచ్చి పని ఆగితే ఆమె వంతు మిగతావాళ్ళు పంచుకుని నాటేస్తారు. మంగ్లి తన కుడిచేత్తో తాడు లాగి అలిసిపోతోందని, ఆమె వంతు వాళ్ళు తీసుకున్నారు. కొట్టం దూలానికి పాత బావి గిలక కట్టారు. పొద్దున పదకొండు మంది వరసగా వచ్చి తలా ఇరవై సార్లు లాగారు. సాయంత్రం మళ్ళీ పదకొండు మంది. ఒక్కరు కూడా నాగా పెట్టలేదు. మంగ్లి మొత్తుకుంటే, "మేడం ఆపొద్దన్నది" అని ధైర్యం చెప్పి మరీ లాగారు.

నేను మనసులోనే లెక్క వేసుకున్నాను. రోజుకు నాలుగొందల నలభై. అలాంటప్పుడు మంచి మనిషైతే నోరు మూసుకుంటుంది. నేను నోరు తెరిచాను. వరండాలో అందరి ముందూ వాళ్ళ మీద విరుచుకుపడ్డాను. "బుద్ధుందా మీకు? ఎవరు లాగమన్నరు ఇన్నిసార్లు? చేతిని సంపేసిన్రు గదా!" అని. పదకొండు మందీ తలలు దించుకుని నిలబడ్డారు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వాళ్ళలో ఒక్కరన్నా ఎదురు చెప్పి ఉంటే బాగుండేది.

యాదమ్మ మాట

ఆ నర్సింగ్ హోంలో యాదమ్మ అని ఆయా ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది. సంతకం పెట్టడం కూడా రాదు. పక్షవాతం పేషెంటును లేపాల్సి వస్తే ఆమె ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. "రెక్క పట్టి లేపకుండ్రి, నడుం పట్టి లేపుండ్రి" అని గోల పెట్టేది. ఒక చెయ్యి వీపు వెనక పలక ఎముక కిందికి, ఇంకో చెయ్యి నడుం కిందికి పోనిచ్చి, మనిషిని తన ఒంటికి ఆనించుకుని లేపేది. పడుకోబెడితే చెయ్యి కింద దుప్పటి మడత పెట్టేది. ఇదంతా ఆయమ్మ చాదస్తమని నవ్వుకునేదాన్ని. ఎందుకలా చేస్తావని ఒక్కసారీ అడగలేదు.

ఆ రోజు నా లొల్లంతా విని, జనం వెళ్ళాక నా గదిలోకి వచ్చింది.

"బిడ్డా, ఒక మాట అంట, ఏమనుకోకు," అంది. "నువ్వు చెప్పిందే చేసిన్రు గద ఆళ్ళు? నొప్పి పుట్టినా ఆపొద్దన్నది నువ్వే గద?"

"ఇరవై అన్నాను యాదమ్మా. నాలుగొందల నలభై అనలేదు."

"ఇరవైకి మంచి చేసేదైతే ఎక్కువకు కొంచెం అలుపైతది. గింత సెడ్డ చేస్తదా?"

నేను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

"మా అత్తకు గిట్లనే పడ్డది. నేను బలంగ ఉంటిని. రెక్క పట్టి గుంజి లేపేదాన్ని, మంచిగ చూసుకుంటున్న అనుకున్న. సచ్చేదాక ఆ భుజం పట్టుకుని ఏడ్సింది. అప్పటి సంది నేను ఎవరి రెక్కా పట్ట," అంది యాదమ్మ. చెప్పేసి, గది ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

పిల్లలూ, ఈ పనిలో మీకు చాలామంది గురువులు దొరుకుతారు. వాళ్ళలో కొందరి చేతిలో చీపురు ఉంటుంది. నేను మూడేళ్ళు ఆమె పక్కనే పనిచేసి ఏమీ నేర్చుకోలేదు. నేర్చుకున్నది ఆ అయిదు నిమిషాల్లోనే. తర్వాత కొత్త పుస్తకాలు తెప్పించి చూస్తే, పక్షవాతం భుజానికి తలపైకి లాగే గిలక వద్దని రాసే ఉంది. నేను చదవలేదు, అంతే.

ఆ ఆదివారం బస్సెక్కి త్రిపురారం వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో తండాకు వెళ్ళాను. మంగ్లి నులక మంచం మీద కూర్చుని ఉంది. నేను వచ్చానని ముఠా అంతా పోగైంది, ఇంకా ఏం తిడతానోనని దూరందూరంగా నిలబడ్డారు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను కానీ ఏవీ గుర్తురాలేదు.

"తప్పు మీది కాదు, నాది" అన్నాను. "గిలక ఇయ్యకూడదు. ఇచ్చాను. నొప్పైతే ఆపమని చెప్పాలి. చెప్పలేదు. పైగా మిమ్మల్ని తిట్టాను. నన్ను మాఫ్ చెయ్యండి."

మంగ్లి గడ్డంతో తన ఉబ్బిన చెయ్యి చూపించింది.

"ఇప్పుడు మంచిగైతదా?" అంది.

"చెప్పలేను. ప్రయత్నం చేద్దాం."

"చేద్దాం అన్నవ్ గద. అయితే నువ్వూ వంతుకు రా. పదకొండు మందున్నరు, నువ్వు పన్నెండు," అంది. తిడుతుందనుకుని వెళ్ళినదాన్ని. మేస్త్రి నన్ను పనిలో పెట్టుకుంది.

పత్తి నుంచి వడ్లదాకా

ఇక వైద్యం చెప్తాను. మొదట డాక్టర్‌గారు వాపు, మంట తగ్గడానికి కొన్ని రోజులు గోళీలు వాడించారు. అది ఆయన పని. మన పని మొదట ఏమీ చెయ్యకపోవడం. అవును, కొత్తవాళ్ళకు ఇదే చేతకాదు. చెయ్యి ఎప్పుడూ వేలాడకుండా చూడటం, దాన్ని ఎవరూ గుంజకుండా చూడటం, ఈ రెండే సగం వైద్యం.

నులక మంచం నడుమ కుంగుతుంది, చెయ్యి పక్కకు జారిపోతుంది. కాబట్టి మంగ్లిని బల్ల మంచం మీదికి మార్చాం. వెల్లకిలా పడుకుంటే భుజం కింద మడత గుడ్డ, చెయ్యి కింద దిండు. మంచి పక్కకు తిరిగితే పొట్ట ముందు దిండు పెట్టి దాని మీద చెయ్యి. కూర్చుంటే ఒళ్ళో దిండు. నిలబడి నడిచినంతసేపే మెడకు తువ్వాల కట్టి చేతికి ఆసరా. కూర్చోగానే తువ్వాల విప్పేయాలి, లేకపోతే చెయ్యి అలాగే ముడుచుకుపోతుంది.

ఇవన్నీ రోజంతా చూడటానికి భీక్యా ఒక్కడు సరిపోడు. కానీ అక్కడ ముఠా ఉంది కదా! ఏ వంతుల వల్ల చెయ్యి పాడైందో ఆ వంతులే దాన్ని కాపాడాయి. పొద్దున ఒకామె, ఎండ ఎక్కాక ఒకామె, పొలం నుంచి వచ్చాక ఒకామె. దిండు జారిందా, చెయ్యి వేలాడుతోందా చూసి సర్దేవారు. లేపాల్సి వస్తే వీపు కింద చెయ్యి పెట్టి లేపడం అందరికీ నేర్పాను. యాదమ్మను కూడా ఒక ఆదివారం వెంట తీసుకెళ్ళాను. అక్కడ నాకంటే ఆమెకే ఎక్కువ మర్యాద జరిగింది.

వాపు దిగాక కదలిక మొదలుపెట్టాం. చేతిని పట్టుకునేముందు వీపు మీది పలక ఎముకను మెల్లగా జరపాలి. అది కదిలితేనే చెయ్యి కదపాలి. మొదట్లో రొమ్ము ఎత్తు దాటించలేదు. ముఠా ఆడవాళ్ళకు నేను చెప్పింది ఒక్కటే మాట: "చెయ్యి చూడకండి, మొహం చూడండి. నొసలు ముడిపడితే అక్కడికి ఆపండి." ఒకప్పుడు ఆపొద్దన్న నోటితోనే చెప్పాను. కసరత్తు పుస్తకం మొత్తంలో మీకు ఈ ఒక్క మాట గుర్తున్నా చాలు.

అరచేతిని మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. అక్కడ ఓపిక కావాలి. ముందు ఒక పత్తి పింజతో చేతి వెనక నిమిరాం, ఆమె తట్టుకున్నంతసేపే. పత్తి అలవాటయ్యాక పాత చీర గుడ్డ. తర్వాత గిన్నెలో తవుడు పోసి అందులో వేళ్ళు పెట్టించాం. పత్తి నుంచి తవుడుకు రావడానికి రెండు నెలలు పట్టింది. యాసంగి నాట్లు ఆమె లేకుండానే జరిగాయి. ఆ రోజుల్లో నేను వెళ్తే మంగ్లి మాట్లాడేది కాదు. పొలం వైపు చూసేది కూడా కాదు. నాకు భయంగా ఉండేది. ఈ చెయ్యి రాకపోతే ఆ మొహం నన్ను జన్మంతా వెంటాడుతుందని తెలుసు.

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆమె ముందు గిన్నెలో తవుడు లేదు, వడ్లు ఉన్నాయి. చెయ్యి మణికట్టుదాకా వడ్లలో ఉంది.

"మంట లేదా?" అన్నాను.

"ఉంది. గని ఇది మన వడ్ల మంట," అంది మంగ్లి. చాలా నెలల తర్వాత ఆమె నవ్వగా చూశాను. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. ముఠా అంతా నన్ను చూసి పకపకా నవ్వింది.

వానాకాలం నాట్లకు కాలవ నీళ్ళు వచ్చినప్పుడు భీక్యా ఫోన్ చేసి రమ్మన్నాడు. సెలవు పెట్టి వెళ్ళాను. మంగ్లి గట్టు మీద నుంచి కర్ర సాయంతో దిగింది. ఎడమ మోచేతి మడతలో నారు కట్ట పెట్టుకుంది. వేళ్ళు పూర్తిగా తెరుచుకోవు, బొటనవేలితో నారు విడదీయలేదు, కుడిచేత్తోనే లాక్కుని నాటింది. ఆమె నాలుగు కుదుళ్ళు పెట్టేలోపు పక్కామె పది పెడుతోంది. అయినా ఆమె దిగాకే వాళ్ళు దిగారు. అరగంట తర్వాత బయటికొచ్చి కూర్చుని, తన ఎడమ చేతిని కుడిచేత్తో ఒళ్ళోకి తీసుకుని, దాని కింద తానే తువ్వాల మడత పెట్టుకుంది.

పోయిన ఏడాది

కోదాడలో రిటైరై సూర్యాపేటకు వచ్చేశాను, మా ఇల్లు అక్కడే. పోయిన ఏడాది మా ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్కే. లెక్కల మాస్టారుగా చేసిన మనిషి, మంచం మీద పడుకుని ఎటు చూస్తున్నాడో కూడా తెలియలేదు. ఆస్పత్రిలో చేర్పించాను. ఏటా నాట్లప్పుడు మంగ్లి ఫోన్ చేస్తుంది. ఆ ఏడు కూడా చేసింది. ఫోనెత్తి ఏం మాట్లాడానో నాకు తెలియదు, ఏడ్చానని, ఆస్పత్రి పేరు చెప్పానని మాత్రం గుర్తుంది.

మర్నాడు పొద్దున మా ఆయన మంచం మీద కిందికి జారిపోయి, మెడ వంకరగా పెట్టి మూలుగుతున్నాడు. నర్సు ఇంకో మంచం దగ్గరుంది. నా బుర్ర పనిచెయ్యలేదు. ముప్పై మూడేళ్ళ అనుభవం, శిరీషకు పెట్టిన తిట్లు, ఏవీ గుర్తురాలేదు. పైకి లాగుదామని ఆయన ఎడమ రెక్క పట్టుకున్నాను.

"రెక్క పట్టకు మేడం!"

వార్డంతా ఉలిక్కిపడింది. గుమ్మంలో మంగ్లి. వెనక ముఠా ఆడవాళ్ళు ఇద్దరు. మొదటి బస్సుకు మిర్యాలగూడ నుంచి వచ్చారట. నా చెయ్యి ఎక్కడుందో అప్పుడు చూసుకున్నాను. తండాలో ఆ పదకొండు మంది తాడు ఎలా లాగారో, ఎంత ప్రేమతో లాగారో, నాకు అప్పుడు అర్థమైంది. నేనూ అలాగే పట్టుకున్నాను.

మంగ్లి కర్ర గోడకు ఆనించి దగ్గరికొచ్చింది. "నువ్వు జరుగు. ఇది మా వంతు," అంది. పూర్తిగా తెరుచుకోని ఆ ఎడమ చేతిని ఆయన వీపు కిందికి, పలక ఎముక దాకా పోనిచ్చింది. మిగతా ఇద్దరూ నడుం దగ్గర పట్టుకున్నారు. ముగ్గురూ ఆయన మొహంలోకే చూస్తూ పైకి జరిపారు. నొసలు ముడిపడలేదు. మంగ్లి నా భుజం మీది శాలువా లాక్కుని మడతపెట్టి ఆయన చెయ్యి కింద పెట్టింది.

నెల రోజులు వాళ్ళు వంతులేసుకుని వచ్చారు. మా ఆయన కాలికి ఇంకా పూర్తిగా బలం రాలేదు. మాట తడబడుతుంది, నా వంట మీద వంకలు పెట్టేటప్పుడు మాత్రం తడబడదు. భుజం నొప్పి ఇప్పటిదాకా ఒక్క రోజు కూడా లేదు.